తిట్లు వేరు, ఇది వేరు: ఎక్కడ కంప్లయింట్ ఇవ్వాలి?

నమస్తే అండీ. బరంపురంలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. మొత్తం 7గురం. మేనేజర్‌కి అరవడం అలవాటే. చీర మడత కాస్త వంకరైతే చాలు, కస్టమర్ల ముందే ‘బుర్ర ఉందా’ అంటాడు. ఆ మాటలు పడ్డాను. కానీ దసరా నుంచి స్టాక్ రూమ్‌లో కావాలని నా ఒంటికి రాసుకుంటూ వెళ్తున్నాడు, రాత్రిపూట పిచ్చి మెసేజ్‌లు.

వట్టి అరుపులకి విడిగా చట్టం లేదు గానీ, ఇది పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల 2013 చట్టం కిందికి వస్తుందని మా చెల్లి అంటోంది. 10 మంది కంటే తక్కువుంటే జిల్లా లోకల్ కమిటీకి, 3 నెలల్లోపు రాసివ్వాలట. అంటే మా జిల్లా కేంద్రం ఛత్రపురం వెళ్లాలా? నాకు ఒడియా మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. తెలుగులో ఇస్తే తీసుకుంటారా? మెసేజ్‌లు డిలీట్ చేయలేదు. తిట్లు కూడా అందులోనే రాయాలా? తెలిసినవాళ్లు చెప్పండి, ఒకటే టెన్షన్‌గా ఉంది.