‘అమిత్రుడు’కి మార్కు వెయ్యాలా, వద్దా?

బ్రాడీపేట టీచర్: గుంటూరులో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. మొన్న స్లిప్ టెస్టులో ‘మిత్రుడు’కి వ్యతిరేక పదం అడిగితే ఒక పిల్లాడు ‘అమిత్రుడు’ అని రాశాడు. ఇంటూ కొట్టాను. వాడు పేపరు పట్టుకొచ్చి, “ఎవరూ పుట్టించకుండా మాటలెలా పుడతాయి టీచర్?” అన్నాడు. ఇక క్లాసంతా “వీరతాడు, వీరతాడు” అని ఒకటే గోల. ‘మాయాబజార్’ సినిమాలో కొత్త మాట పలికిన రాక్షసుడికి ఘటోత్కచుడు ఇదే డైలాగు చెప్పి, మెచ్చుకోలుగా వీరతాడు వేయిస్తాడు కదా, అదన్నమాట. వాళ్లలో ఆ సినిమా పూర్తిగా చూసింది ఇద్దరే. మిగతావాళ్లకి అది మీమ్‌లో వచ్చిన ముక్క. ఘటోత్కచుడంటే నాకూ ఇష్టమే. కానీ పదం తెలియని ప్రతివాడూ ఆ డైలాగు చాటున దాక్కుంటే నేనేం నేర్పాలి?

యార్డు గుమాస్తా: మార్కు వెయ్యండి మేడం. మిర్చి యార్డులో మేం బస్తాని టిక్కీ అంటాం. ఏ మాస్టారు చెప్పారు? లాడ్జి సెంటర్, శంకర్ విలాస్ సెంటర్ అంటాం కదా, ‘సెంటర్’ అంటే నాలుగు రోడ్లు కలిసేచోటని ఇంగ్లీషువాడికి చెప్పి చూడండి, తెల్లమొహం వేస్తాడు. ఆ అర్థం మనం పుట్టించుకున్నదే. పండితులు కష్టపడి ‘చరవాణి’ అని పుట్టించారు, ఇంట్లో ఎవరైనా అంటున్నారా?

పాత సినిమాల పిచ్చి, బెజవాడ: గుమాస్తా గారూ, కాస్త ఆగండి. 1957లో ‘మాయాబజార్’కి మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు గారు. ‘అస్మదీయులు’ సంస్కృతంలో ఉన్నదే, మనవాళ్లు అని. అది రాక్షసుల నోట ‘అసమదీయులు’ అయింది. దానికి జోడీగా, కానివాళ్లు ‘తసమదీయులు’ అయ్యారు. సంస్కృతంలో ‘తదీయ’ ఉంది గానీ ‘తస్మదీయ’ లేదు. వ్యాకరణం బాగా తెలిసినాయన కావాలని చేసిన తప్పు కాబట్టే అంత నవ్వు. ఇవాళ రాజకీయ వార్తల్లో ‘అస్మదీయులకు పదవులు, తస్మదీయులకు మొండిచెయ్యి’ అని రాస్తే, ఆ రెండోది సినిమాలో పుట్టిన మాటని ఎవరికీ గుర్తు కూడా రాదు. (ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గొంతు లేకపోతే ఇందులో సగం కూడా నిలిచేది కాదు. నూజివీడులో పుట్టిన మనిషి, మా పక్కనే!) తెలిసి చేసినదానికీ, తెలియక రాసినదానికీ ఒకే వీరతాడంటే ఎలా?

కృష్ణలంక కుర్రాడు: మా ఆఫీసులో టీ తెచ్చినవాడికి కూడా వీరతాడే బాబాయ్. మీరు మరీ సీరియస్.

యార్డు గుమాస్తా: రాసినాయనకి వ్యాకరణం వచ్చు, సరే. కథలో ఆ మాట అన్నవాడికి రాదు కదా? మరి వీరతాడు పడింది ఎవరికి? వాడికే!

బ్రాడీపేట టీచర్: ఇదొక్కటి నేను ఆలోచించలేదు. అయినా ఘటోత్కచుడికి నలభై పేపర్లు దిద్దే పని లేదు లెండి.

రిటైర్డ్ తెలుగు పండితుడు, తెనాలి: అమ్మా, అసలు తగువే తప్పు చోట పడుతున్నారు. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో శత్రువుకి పర్యాయపదాలు చూడండి. “ద్విడ్విపక్షాహితామిత్ర దస్యు శాత్రవ శత్రవః”. అందులో ‘అహిత’తో సంధిలో కలిసి ‘అమిత్ర’ ఉంది. పిల్లాడు రాసింది సరైన మాటే. వాడు పుట్టించిందేమీ లేదు.

కృష్ణలంక కుర్రాడు: అయితే వీరతాడు అమరసింహుడికి!

బ్రాడీపేట టీచర్: చూశాను మాస్టారూ. సిగ్గుగా ఉంది. రేపు మార్కు వేసేస్తాను. కానీ ఆ మాట ఎప్పటినుంచో ఉందని వాడికి చెప్పాలా? కొత్త మాట తనే కనిపెట్టానని వారం నుంచి స్కూలంతా చెప్పుకుంటున్నాడు.

యార్డు గుమాస్తా: చెప్పకండి మేడం, పాపం.

పాత సినిమాల పిచ్చి, బెజవాడ: చెప్పాల్సిందే. లేకపోతే వచ్చే టెస్టులో పగలుకి వ్యతిరేకం ‘అపగలు’ అని రాస్తాడు.