స్వయంతృప్తి వల్లనే నెలసరి ఆలస్యమవుతోందా?

ప్రశ్న:
నా వయసు 27 సంవత్సరాలు. చాలాకాలంగా నాకు హస్తప్రయోగం అలవాటు ఉంది. ఈ ఏడాది నెలసరి 40, 45 రోజులకు గానీ రావడం లేదు, మధ్యలో తెల్లబట్ట అవుతోంది, యోని లోపలి పెదవుల్లో ఒకటి రెండోదానికంటే పెద్దదిగా కనిపిస్తోంది. ఇదంతా ఆ అలవాటు వల్లనేనని, పెళ్లయ్యాక పిల్లలు పుట్టరేమోనని భయంగా ఉంది. పరీక్ష చేస్తే విషయం తెలిసిపోతుందన్న సిగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

సమాధానం 1:
నేను గైనకాలజిస్టును. పరీక్షలో తెలిసిపోతుందన్న భయం ముందుగా వదిలేయండి, ఎందుకంటే హస్తప్రయోగాన్ని పట్టిచ్చే గుర్తు శరీరంలో ఏదీ ఉండదు. నెలసరిని నడిపించేవి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయాలు విడుదల చేసే హార్మోన్లు; ఈ అలవాటు వాటి క్రమాన్ని చెడగొట్టదు, అండాలను తగ్గించదు, పిల్లలు పుట్టకుండా చేయదు. నన్ను కలవరపెడుతున్నది మరొకటి. నెలసరి 35 రోజులు దాటి వస్తూ ఉంటే థైరాయిడ్ లోపం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య), ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పెరగడం, బరువులో మార్పు వంటి కారణాలను వెతకవలసి ఉండగా, మీరు నింద అంతా అలవాటు మీద వేసి ఒక ఏడాది పోగొట్టుకున్నారు. పెదవులు రెండూ సమానంగా లేకపోవడం చాలామంది స్త్రీలలో ఉన్నదే. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా వేళ్ల మధ్య సాగే స్రావం కూడా సహజమే. విరిగిన పాలలా ముద్దలుగా ఉండి దురద పెడితేనో, చేపల వాసన వస్తేనో అది ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి మందులున్నాయి.

సమాధానం 2:
అమ్మా, మీ మాటల్లో నన్ను నేను చూసుకున్నాను. ప్రతిసారీ ఏదో పాపం కడిగేసుకోవాలన్నట్టు సువాసన సబ్బుతో లోపలి దాకా కడిగేదాన్ని. మంట మొదలైతే అది నాకు పడిన శిక్ష అనుకున్నాను. యోనిలో సహజంగా ఉండే ఆమ్లగుణమూ, మేలుచేసే బాక్టీరియా ఇన్ఫెక్షన్లను అడ్డుకుంటాయని, సబ్బు వాటినే దెబ్బతీస్తోందని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. సబ్బు మానేశాక మంట తగ్గింది. చేతులు శుభ్రంగా ఉంచుకోవడం, గోళ్లు కత్తిరించుకోవడం, బయటి భాగాన్ని మామూలు నీటితో కడుక్కోవడం చాలు.

సమాధానం 3:
పెళ్లి ప్రస్తావన తెచ్చారు కనుక కన్నెపొర గురించి ఒక మాట. దాని ఆకారం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది, దాన్ని చూసి ఎవరి గతమూ చెప్పలేరు. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి విభాగాలు 2018లోనే స్పష్టం చేశాయి.

ప్రశ్న అడిగినవారు:
చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరుకు ఈ అలవాటు గురించి చెప్పి తీరాలా?

సమాధానం 1:
అక్కరలేదు. హస్తప్రయోగ సమయంలో నొప్పి గానీ రక్తస్రావం గానీ ఉంటే మాత్రం దాచకండి. లైంగిక సంబంధం ఉంటే గర్భపరీక్ష ముందు చేస్తారు, ఆ తరువాత రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగ్ ఉంటాయి. గత ఆరు నెలల నెలసరి తేదీలను కాగితం మీద రాసుకుని వెళ్లండి.