వెన్, వైల్, ఆఫ్టర్ పక్కన ఐఎన్‌జీ ఎప్పుడు పెట్టాలి?

పరీక్షార్థి: వెన్, వైల్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్, వన్స్... వీటి తర్వాత కర్త లేకుండా ఐఎన్‌జీ ఎక్కడ, వీ3 (ఆస్క్డ్, టోల్డ్ లాంటి క్రియ మూడో రూపం) ఎక్కడ? 'యాజ్ సూన్ యాజ్' తర్వాత కూడా కుదురుతుందా?

ఎర్రసిరా: నేను రోజూ దిద్దే పేపర్లలో అసలు రోగం ఇది కాదు. 'వైల్ వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ' అని రాస్తారు. నడిచింది కుక్కా, మనిషా? ఐఎన్‌జీకి కర్త ఎవరంటే, ప్రధాన వాక్యంలో ఉన్న కర్తే. 'వైల్ ఐ వాజ్ వాకింగ్' అంటే గొడవే లేదు. ముందు ఇది సరిచేసుకోండి.

తెలుగుబడి: మనకిది కొత్తేం కాదుగా. 'నడుస్తూ కుక్క కరిచింది' అనం, 'నడుస్తుంటే' అంటాం. 'వచ్చి పడుకున్నాడు' అంటే ఇద్దరు కాదు, ఒక్కడే.

పాతపుస్తకం: 'వానలు పడి చెరువు నిండింది.' పడింది వాన, నిండింది చెరువు. ఇప్పుడేమంటారు?

తెలుగుబడి: అది కారణం చెప్పేది. కాలం చెప్పేటప్పుడు కర్త ఒకటే ఉండాలి.

పాతపుస్తకం: 'ఆయన వెళ్లి పదేళ్లయింది.' ఇది కాలం కాదా? తెలియకుండా సూత్రాలు చెప్పకండి.

వ్యాకరణప్రియ: నా బతుకంతా గ్రామరే, అందుకే చెప్తున్నా. ఆఫ్టర్, బిఫోర్ తర్వాత వచ్చే ఐఎన్‌జీ పార్టిసిపుల్ (విశేషణంలా పనిచేసే క్రియారూపం) కానే కాదు, జెరండ్, అంటే నామవాచకంలా పనిచేసేది. 'వెన్ ఆస్క్డ్' అంటాం. 'ఆఫ్టర్ ఆస్క్డ్' అనగలరా? 'ఆఫ్టర్ బీయింగ్ ఆస్క్డ్' అనాల్సిందే. అవి అక్కడ ప్రిపొజిషన్లు, అంటే నామవాచకం ముందు వచ్చే మాటలు.

ఎర్రసిరా: పేరేదైతేనేం? పిల్లలకి కావాల్సింది తప్పు లేని వాక్యం.

వ్యాకరణప్రియ: పేరు తెలియకపోతే 'ఆఫ్టర్ ఆస్క్డ్' ఎందుకు తప్పో పిల్లలకి ఏం చెప్తారు? ఎర్ర గీత కొట్టి వదిలేస్తారా?

ఎర్రసిరా: మాట జాగ్రత్త. మీరు నా క్లాసు చూడలేదు.

ఆఫీసుమెయిల్: నేను రాసిన 'ఆఫ్టర్ హావింగ్ రిసీవ్డ్' తప్పని మా బాస్ అందరి ముందూ అన్నాడు. తప్పు కాదండీ! ముందు జరిగిందని ఆఫ్టరే చెప్తోంది కాబట్టి హావింగ్ అదనం, అంతే. ఆ మాట ఆయనకే చెప్పి ఒప్పించాను.

పరీక్షార్థి: యాజ్ సూన్ యాజ్ సంగతి ఎవరూ చెప్పలేదండీ.

మౌనపాఠకుడు: దాని తర్వాత ఐఎన్‌జీ వద్దు. 'యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్డ్' అని కర్తతో సహా రాయండి. వన్స్, అంటిల్ పక్కన మామూలుగా వీ3 వస్తుంది: 'వన్స్ ఓపెన్డ్', 'అంటిల్ టోల్డ్'. 'వన్స్ ఫినిషింగ్' రాయకండి. వెన్ పక్కన రెండూ నడుస్తాయి.

పరీక్షార్థి: 'ఆన్ రీచింగ్ హోమ్' రాయొచ్చా మరి?

మౌనపాఠకుడు: నిక్షేపంగా. చేరగానే అన్న అర్థమే వస్తుంది. కర్త మాత్రం మారకూడదు: 'ఆన్ రీచింగ్ హోమ్, ఐ కాల్డ్ హర్.'