పోరంకిలో డూప్లెక్స్ కొనుగోలు: గృహరుణం లెక్క ఎలా సరిపెట్టుకోవాలి?

విజయవాడ పోరంకిలో డూప్లెక్స్ ఇల్లు చూశాం. కింద హాలు, పైన పడక గదులు, తూర్పు ముఖం. అత్తగారికి కూడా నచ్చింది, అది చిన్న విషయం కాదు. బేరం 95 లక్షల దగ్గర తెగింది.

చిక్కల్లా అమ్మేవారితోనే. 70 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించి, మిగతా 25 లక్షలు నగదుగా ఇమ్మంటున్నారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 నుంచి 75 లక్షల లోపు రుణాలకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. అంటే 70 లక్షల దస్తావేజు మీద 56 లక్షలు మించి రాదు, 39 లక్షలు మా చేతి నుంచి పెట్టాలి. పూర్తి ధర రాస్తే 75 లక్షల దాకా అడగవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 95 లక్షల మీద సుమారు 7 లక్షలు ఖర్చు. అయినా నాకు అదే మేలనిపిస్తోంది. పైగా స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. ఆయనేమో "ఊరంతా ఇలాగే చేస్తున్నారు" అంటారు.

ఇలాంటి అమ్మకందారును పూర్తి ధరకు ఒప్పించినవారు ఉన్నారా? ఏం చెప్పి ఒప్పించారు? మరొకటి: తక్కువ పడే సొమ్ముకు తెనాలిలోని స్థలం అమ్మడమా, బంగారం తాకట్టు పెట్టడమా? మా ఇద్దరివీ జీతాలే, ఉమ్మడిగా రుణం తీసుకుంటాం.