పాత ఇంటి లాట్‌లో తెల్ల నగిషీ పెట్టె దొరికింది, అమ్మొచ్చా?

అందరికీ నమస్కారం. విశాఖ కంచరపాలెంలో షెడ్డు అద్దెకు తీసుకుని పాత ఫర్నిచర్ కొని అమ్మడం మొదలుపెట్టి 8 నెలలైంది. ఇన్నాళ్లూ నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంట్ వాళ్లు ట్రాన్స్‌ఫర్ అయ్యి వెళ్తూ ఇచ్చేసే మంచాలు, బీరువాలే తెచ్చేవాణ్ణి, వచ్చిన వారంలోనే పోయేవి. పోయిన నెల విజయనగరం దగ్గర ఓ మండువా ఇల్లు పడగొడుతున్నారంటే వెళ్లి, ఆశపడి మొత్తం లాట్ 1,80,000కి మాట్లాడేశాను. భోషాణం, రెండు పడక కుర్చీలు, ఉయ్యాల బల్ల, నాలుగు జతల తలుపులు, అన్నీ టేకే అన్నారు. ఇప్పటికి ఒక్క కుర్చీ పోయింది. భోషాణం కింద రోజూ పొద్దున్నే సన్నటి పిండి రాలి ఉంటోంది, ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్లీ అంతే.

అసలు సంగతి వేరే. భోషాణం అడుగున జానెడు పెట్టె ఒకటి దొరికింది. మూత మీద తెల్లటి పలకలు, వాటి మీద నల్లటి తీగలు, పువ్వులు. స్టేటస్‌లో ఫొటో పెడితే హైదరాబాద్ నుంచి ఒకాయన 60 వేలు ఇస్తాను, బిల్లు వద్దు, కొరియర్ చేసెయ్ అంటున్నాడు. రెండు నెలల అద్దె బాకీ. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల షాపు, 22 ఏళ్లుగా

తమ్ముడూ, ముందు ఆ ఫొటో తీసెయ్, ఆయనకి కుదరదని చెప్పు. 18వ శతాబ్దంలో మన విశాఖ పనివాళ్లు ఇంగ్లీషు దొరల కోసం ఏనుగు దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు చేసేవారు, దంతం మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపేవారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా అవి ఉన్నాయి. నువ్వు చెప్పేది వింటే నాకు అదే గుర్తొస్తోంది. ఎముక కూడా కావొచ్చు, భూతద్దంలో చూస్తే ఎముక మీద సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. కానీ ఆ తేల్చే పని నువ్వు పెట్టుకోకు. దంతమైతే 1972 వన్యప్రాణి చట్టం కింద దాని వ్యాపారం నేరం, ఎంత పాతదైనా సరే. కొన్నందుకు నీకూ తలనొప్పే, కాబట్టి లాయర్‌ని వెంటపెట్టుకుని అటవీ శాఖ వాళ్లకి చూపించు. ఇంకోటి, 100 ఏళ్లు దాటిన కళాఖండాల వ్యాపారానికి అదే ఏడాది వచ్చిన పురావస్తు చట్టం కింద లైసెన్స్ కావాలి. బిల్లు వద్దనేవాడికి ఏ వస్తువూ ఇవ్వకు, రేపు వాడు దొరికితే నీ పేరే చెబుతాడు.

అక్కయ్యపాలెం, పాలిష్ పని

తమ్ముడూ, పిండి రాలుతోందంటే పురుగు లోపల బతికే ఉంది. భోషాణాన్ని ఇవాళే మిగతా సామాన్ల నుంచి దూరంగా జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టు. మంచి టేకు చేవని, అంటే మాను లోపలి గట్టి చెక్కని, ఈ పురుగు సాధారణంగా ముట్టదు, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కని, మామిడి చెక్కని తింటుంది, అందుకే ముందు వెనక పలక చూడు. కిరసనాయిలు పైపైన పూస్తే లాభం లేదు. చిల్లుల్లోకి సిరంజితో మందు ఎక్కించి, ప్లాస్టిక్ షీట్ చుట్టి కొన్నాళ్లు వదిలెయ్. పాలిష్ ఉన్న చోట మందు దిగదు, లోపలివైపు పచ్చి చెక్క మీద పూయాలి. సముద్రం గాలికి ఇనుప కీళ్లు తొందరగా తుప్పు పడతాయి, ఇత్తడివి వేయించు. తలుపులు మాత్రం గీకి పెయింట్ వేయకు, కొనేవాళ్లు ఆ పాత రంగు కోసమే వస్తారు. కూసాలు, అంటే చెక్కకి చెక్క దిగే అతుకులు, బిగువుగా ఉన్నాయో లేదో చూసి ఊరుకో.

గాజువాక

పాత సామాన్ల వ్యాపారంలో జీఎస్టీ కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే కట్టే పద్ధతి ఉంది, కొన్నప్పుడు కట్టిన పన్నుని క్రెడిట్‌గా వెనక్కి తీసుకోకపోతేనే. మన రాష్ట్రం లోపలే అమ్ముకుంటే, సరుకుల టర్నోవర్ ఏడాదికి 40 లక్షలు దాటాకే మీకు ఆ రిజిస్ట్రేషన్ గొడవ. అయినా ఇప్పటి నుంచే కొన్న ప్రతి వస్తువుకీ అమ్మినవాళ్ల సంతకం, ఆధార్ కాపీ తీసి ఉంచండి. అద్దె గడవాలంటే ట్రాన్స్‌ఫర్ సామాన్లు ఆపకండి, మండువా సామాన్లు మెల్లగా కదులుతాయి.

ప్రశ్న అడిగినవాణ్ణి

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఫొటో తీసేశాను, ఆయన మళ్లీ ఫోన్ చేసి 75 వేలు అన్నాడు, లేదని చెప్పి పెట్టేశాను. సోమవారం లాయర్ దగ్గరికి వెళ్తున్నాను. భోషాణం తిప్పి చూస్తే అక్క చెప్పినట్టే వెనక పలక మామిడి, పురుగంతా అందులోనే, ముందు భాగమంతా టేకు, ఒక్క చిల్లు లేదు. ఆ ఒక్క పలకే మారిస్తే సరిపోతుందా అక్కా, లేక పక్క పలకలకీ మందు ఎక్కించాలా?