వేసవి సెలవుల్లో పిల్లలతో గాలం వేట: మన డెల్టాలో ఎక్కడ, ఎలా?

గోస్తనీగట్టు:
అందరికీ నమస్కారమండి. మే రెండో వారంలో పది రోజులు ఊరొస్తున్నాం. ఊరు భీమవరం, ఉండి మధ్య. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. వీళ్లకి చేపంటే అక్వేరియంలో తిరిగేది, లేదా కంచంలో ముక్క. వీళ్ల వయసులో నేను పెంటకుప్ప పక్కన ఎర్రలు (వానపాములు) తవ్వి, కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి అందులో దాచుకుని, పంటకాలువ గట్టున పూటలకి పూటలు కూర్చునేవాణ్ణి. ఒక్కరోజైనా వీళ్లని అలా కూర్చోబెట్టాలని ఉంది. నేను గాలం ముట్టుకుని ఇరవై ఏళ్లయింది. కాలువలో వేయనా, చెరువులోనా, లేక ఏకంగా కొల్లేరు వెళ్దామా? మా ఆవిడ పెట్టిన షరతులు రెండు: నీడ ఉండాలి, దగ్గర్లో బాత్రూం ఉండాలి. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు చెప్పండి.

లాకులపక్కిల్లు:
మే అంటే కాలువలు కట్టేసి ఉంటాయండీ! దాళ్వా (రెండో పంట వరి) కోతలకొచ్చాక ఏప్రిల్లో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తే, మళ్లీ వదిలేది జూన్‌లోనే. తేదీ ఏటా కాస్త అటూఇటూ అవుతుంది. కట్టేసిన మొదటి వారం మాత్రం మా లాకుల దగ్గర తిరునాళ్లే. నీళ్లు తీసేకొద్దీ వంతెనల కింద, లాకుల కింద మడుగులు మిగులుతాయి. చేపలన్నీ అక్కడికే చేరతాయి. ఊళ్లో కుర్రాళ్లు విసురు వలలు, ఊతలు (పైనుంచి మూసి పట్టే బుట్టలు), ఏమీ లేకపోతే దోమతెర పట్టుకుని దిగిపోతారు.

మీరొచ్చేసరికి ఆ సరదా అయిపోతుంది. మిగిలిన నీళ్లు నల్లబడి, ఒండ్రు వాసన కొడతాయి. ఆ బురదలో గాజు పెంకులుంటాయి, సిటీ కాళ్లకి వద్దు.

పాతబెండు:
చెరువు అంటారా, ముందు నా పరువు పోయిన కథ వినండి.

రెండేళ్ల క్రితం నేను, మా బావమరిది, నలుగురు పిల్లలం కలిసి ఊరి చెరువు గట్టున రావిచెట్టు కింద దుప్పటి పరుచుకుని గాలాలు వేశాం. ఊరి చెరువంటే ఊరందరిదీ అనుకున్నాం. పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు, బండి మీద ఒకాయన వచ్చి ఆగాడు. "ఎవరండీ మీరు? ఈ చెరువు వేలం పాట నేను పాడుకున్నాను." పంచాయతీకి డబ్బు కట్టి, చేపపిల్ల వదిలి, మేత వేసి పెంచుకుంటున్న చేపలవి. మేం దర్జాగా దొంగతనం చేస్తున్నాం అన్నమాట. అప్పటికి బకెట్లో ఉన్నది ఒక్క జెల్ల. మా చిన్నోడు అందరికంటే ముందు "అంకుల్, ఇది కూడా మీదేనా?" అని ఎత్తి చూపించాడు. బావమరిది అటు తిరిగి గాలం చుట్టుకున్నాడు.

మర్నాడు నేనే ఆయన ఇంటికెళ్లి అడిగాను. "ఆయ్, నిన్ననే ఓ మాట చెప్పాల్సిందండి, రండి" అన్నాడు. చెట్టు కింద నాలుగు కుర్చీలు వేయించాడు. కొబ్బరిబోండాలు కూడా కొట్టించాడు. కాబట్టి ఎక్కడ వేసినా సరే, పాట ఎవరిదో కనుక్కుని ఒక ఫోన్ కొట్టండి.

ఇంకోటి, మంచినీళ్ల చెరువు జోలికి అసలు వెళ్లొద్దు. కాలువలు కట్టేముందు నింపుకున్న ఆ నీళ్లే ఊరికి జూన్ దాకా ఆధారం. పిల్లాడు కాలు పెట్టినా ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. గుడి కోనేరు సంగతి చెప్పక్కర్లేదు.

తీరంపిల్ల:
చిన్న సందేహం. వేసవిలో చేపలవేట నిషేధం అంటారు కదా, గాలానికి వర్తించదా?

లాకులపక్కిల్లు:
అది సముద్రంలో మరబోట్లకండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఊళ్లో గాలానికి దానితో సంబంధం లేదు.

మకాంరాజు:
గోస్తనీగట్టు గారూ, మీ ఊరి చుట్టూ ఉన్నవన్నీ చేపల చెరువులే కదండీ. మీ నాన్నగారిని అడగండి, చెరువు ఉన్న చుట్టమో స్నేహితుడో దొరక్కపోరు. చెరువు మకాం (కాపలా పాక) దగ్గర నీడ ఉంటుంది, మంచం ఉంటుంది, చాలాచోట్ల బాత్రూం కూడా ఉంటుంది. మీ ఆవిడగారి షరతులు రెండూ తీరినట్టే. మా చెరువుకి ఏటా మా అక్క పిల్లలొస్తారు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

ముందు టైము. గాలానికి తెల్లారుజామే మంచిదని అందరూ అంటారు. కాలువకీ గోదారికీ అది నిజమే. మేత వేసి పెంచే చెరువులో కాదు. నీళ్లు పచ్చగా ఉంటాయి చూడండి, ఆ పచ్చదనం పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే తినేస్తుంది. అందుకే తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. ఒక్కోరోజు, ముఖ్యంగా మబ్బు పట్టిన మర్నాడు, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. ఆ టైములో మాకు టెన్షన్, నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర పరుగులు. అప్పుడు మీరు గాలాలతో దిగితే నవ్వుతూ పలకరించలేం. చేప కూడా ఎర వైపు చూడదు. ఎండ పడి ఏడున్నర దాటాక వెయ్యండి. తొమ్మిదిన్నరకి సర్దేయండి. మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత.

తర్వాత ఎర. మా చేపలకి ఎర్ర కంటే తవుడు రుచి బాగా తెలుసు. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి సంచుల్లో పోసి, సంచికి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కడతాం. చేప వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకుని తింటుంది. అందుకే తవుడులో కాస్త మైదా కలిపి, గట్టిగా పిసికి, శనగ్గింజంత ఉండ చేసి గాలం ముల్లు కనబడకుండా పెట్టండి. మెత్తగా కలిపితే నీళ్లలో పడగానే విడిపోతుంది. సంచి కట్టిన కర్రకి మరీ దగ్గరగా వెయ్యొద్దు, దారం చుట్టుకుంటే తియ్యడానికి మా కుర్రాడు దిగాలి.

నీటి మీద తేలే బెండు ఎంత ఎత్తున కట్టాలన్నది చేపని బట్టి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైపైన తింటుంది. శీలావతి మధ్యలో. ఎర్రమోసు అడుగున. మా చెరువుల్లో ఎక్కువ ఉండేది శీలావతే కాబట్టి నీటి లోతులో సగానికి కట్టి మొదలెట్టండి. పడకపోతే జానెడు జానెడు మార్చి చూడండి.

కిలోన్నర శీలావతి పడితే పిల్లలు లాగలేరు. కర్ర వదిలేయమని చెప్పండి. కర్ర పోతే పోయింది. పిల్ల కర్రతో పాటు నీళ్లలోకి పోకూడదు. గట్టు లోపలివైపు ఏటవాలుగా, జారుడుగా ఉంటుంది. మేమైతే చిన్నవాడి నడుముకి పాత తువ్వాలు కట్టి కొస మా అక్క చేతికిచ్చాం. వాడు ఎంత గింజుకున్నాడో!

పట్టిన చేప తినాలనుకుంటే, ఈమధ్య చెరువులో మందేమైనా వాడారా అని అడిగి తీసుకోండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఏనుగులంక:
మాది కోనసీమ వైపు లంక. గోదావరి పాయలో వేద్దామని ఎవరైనా అంటే నా మాట ఒకటి వినండి. వేసవిలో నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి, మోకాలి లోతే కదా అనిపిస్తుంది. ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మా పెదనాన్న మనవడు నా కళ్లముందే అడుగు వేసి మాయమయ్యాడు. నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి జుట్టు దొరికింది. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లలెవరినీ పాయలో దింపలేదు.

బ్యాటరీబుల్లోడు:
ఇంత కష్టం ఎందుకండీ, ఇన్వర్టర్ బ్యాటరీ, రెండు వైర్లు. పది నిమిషాల్లో బకెట్ నిండుద్ది.

పాతబెండు:
పిల్లల్ని తీసుకెళ్లే చోట కరెంటా? తడి గట్టు మీద నిలబడి? చేపతో పాటు మనిషీ పోతాడు బాబూ. ఈ సలహా ఇక్కడ మళ్లీ రాయకు.

తాతగారిఊత:
కరెంటు పెడితే వేలెడు చేపపిల్ల కూడా చచ్చి తేలుతుంది, మరుసటేడు ఏం పడతావు? మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమని 1897 నాటి చట్టంలోనే ఉంది.

ఎవరూ కొర్రమేను ఊసెత్తలేదు! గుర్రపుడెక్క అంచున, తుంగ మొదట్లో ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకొచ్చి గాలి గుటకేసి పోతుంది, 'గుబుక్'మని చప్పుడవుతుంది. చెరువెండితే బురదలో దూరి బతుకుతుంది. దానికి తవుడు ఉండ పనికిరాదు, బతికున్న చిన్న కప్పో పరిగో కట్టాలి. ఆరేళ్ల పిల్లాడి ముందు కప్పని గుచ్చడం మీ ఇష్టం మరి. వానలు పడ్డాక ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముద్దలా తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే చప్పున పడతాయి. మా నాన్న వెయ్యనిచ్చేవాడు కాదు.

కైకలూరుకోడలు:
కొల్లేరు గురించి నేను చెప్తా. గాలం పట్టుకుని రాకండి. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. పైగా మేలో సరస్సు చాలామటుకు ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. గూడబాతులు (పెలికాన్లు) చూడాలంటే ఆటపాక రావాలి, అదీ చలికాలంలో. మేలో వస్తే మీకు కనబడేది నేనే.

అసలు రాయాలనుకున్నది వేరు. ఎవరూ చేప ముల్లు సంగతి చెప్పలేదు. పోయిన వేసవిలో మా పాప గాలానికి నల్లగా జానెడు చేప పడింది. మీసాలున్నాయని మురిసిపోయి చేత్తో పట్టుకుంది. ఇంగిలాయి! పక్క ముల్లు బొటనవేల్లో దిగింది. ఆ ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరో సున్నం రాయమన్నారు, ఎవరో పసుపన్నారు. మా అత్తయ్యగారు మాత్రం ఫ్లాస్కులో టీకని తెచ్చిన వేడినీళ్లు గిన్నెలో పోసి, చల్లనీళ్లు కలిపి, ముందు తన చెయ్యి పెట్టి చూసి, తర్వాత పాప వేలు ముంచారు. వేడి తగ్గినప్పుడల్లా కాస్త కాస్త పోశారు. అరగంటకి ఏడుపు ఆగింది. తర్వాత డాక్టరు కూడా అదే చెప్పారు, ఆ విషం వేడికి విరుగుతుందట. పెద్దవాళ్లు చెయ్యి పెట్టి చూడకుండా పిల్లల వేలు ముంచకండి, నొప్పిలో కాలుతున్నా తెలీదు. డాక్టరు టీటీ ఇంజెక్షన్ కూడా వేశారు.

జెల్లకీ ముళ్లుంటాయి. మీసాలున్న ఏ చేపనైనా తడిగుడ్డతో పెద్దవాళ్లే తియ్యాలి. ఫ్లాస్కు మర్చిపోకండి. టీకైనా పనికొస్తుంది.

గోస్తనీగట్టు:
ఆయ్, అందరికీ థాంక్సండి. కొల్లేరు, కాలువ, గోదారి మూడూ కొట్టేశాను. నాన్న స్నేహితుడి చెరువుంది, ఆయన్ని అడుగుతాను. కర్రలు ఏవి వాడాలి?

పాతబెండు:
ఆన్‌లైన్‌లో రీలు గాలాలు కొనకండి, చిక్కులు తీయడానికే సరిపోద్ది. పిల్లలకి ఆరడుగుల సన్న వెదురు చాలు. బెండుకి జీలుగుబెండు ముక్కయితే బంగారం, లేకపోతే నెమలీక కాడ. థర్మోకోల్ కట్టకండి, విరిగి ముక్కలు చెరువులో పడతాయి.

గోస్తనీగట్టు:
(పన్నెండు రోజుల తర్వాత)
వెళ్లొచ్చామండి. మకాంరాజు గారు చెప్పినట్టే ఏడున్నరకి వెళ్లాం. చెరువు బాబాయ్ గారు ముందే ఒక మాట అన్నారు: "పెద్ద చెరువులో వద్దురా, మేత టైము. పక్కన బోదె కాలువ గుంటలో వేసుకోండి, అందులో ఏం పడితే అది మీదే." మడత మంచం, కొబ్బరిచెట్ల నీడ, బోరు నీళ్లు. మా ఆవిడ సంతృప్తిగా ఫోన్ తీసుకుని మంచమెక్కింది.

బాబు పావుగంట కూర్చున్నాడు. తర్వాత వాడికి చేప కంటే ఎర్రలు నచ్చాయి. వాటికి పేర్లు పెట్టి, ముల్లుకి గుచ్చనివ్వలేదు. ఇక తవుడు ఉండలే దిక్కు.

పాప మాత్రం కదల్లేదు. అరగంట ఏమీ లేదు. బెండు మీద తూనీగ వాలింది, లేచింది, మళ్లీ వాలింది. "నాన్నా, బెండు కొంచెం వణికింది" అంది. ఆగమన్నాను. మళ్లీ వణికింది. ఈసారి పక్కకి వాలి, టక్కున లోపలికి పోయింది. నేను నోరు తెరిచేలోపే లాగేసింది. చేప గాల్లో తిరిగి కొబ్బరాకుల్లో పడింది. పరిగె. చూపుడువేలంత ఉంటుంది. ఎండకి వెండిలా మెరిసింది. పాప దాని దగ్గర కూర్చుని "దీనికి నొప్పి పుడుతోందా?" అని అడిగింది. పుడుతుందేమో అన్నాను. కాసేపు ఆలోచించి "అయితే తొందరగా తియ్యి" అంది.

తొమ్మిదిన్నరకి లెక్క: పరిగెలు పదకొండు, తిలాపియాలు రెండు. జెల్ల ఒకటి పడింది, అది నేనే తడిగుడ్డతో తీశాను. ఫ్లాస్కు టీకే పనికొచ్చింది. మొదటి పరిగెని పాప వదిలేస్తానంది, వదిలేసింది. మిగతావి అమ్మ బూడిదతో రుద్ది, పచ్చి మామిడికాయ వేసి మట్టిదాకలో పులుసు పెట్టింది. పాప తినదనుకున్నాను. ముల్లు ఎలా తియ్యాలో బామ్మని అడిగి మరీ తింది.

ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. వెదురు కర్ర బస్సులో పట్టదన్నానని, దారం, బెండు విప్పి పెన్సిల్ బాక్సులో పెట్టుకుని తెచ్చుకుంది.

కైకలూరుకోడలు:
గాలం ముల్లు తీసేశారా అండి? జూన్‌లో ఆ బాక్సుతోనే స్కూలుకెళ్తుంది!

గోస్తనీగట్టు:
అయ్యబాబోయ్. ఒక్క నిమిషం.