కస్టమర్ వైపు తిప్పిన రెండో మానిటర్‌లో వాళ్ల ప్రూఫ్ ఒక్కటే కనపడాలంటే ఏం చేయాలి?

మూడులాంతర్లు డీటీపీ:

మాస్టార్లూ, మాది విజయనగరం. గంటస్తంభానికి దగ్గర్లో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు చేస్తాం. ఇదివరకు ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు చూపించే నమూనా, చూడాలంటే పార్టీ మొత్తం కౌంటరు దాటి లోపలికొచ్చి నా భుజం మీంచి తొంగి చూసేవారు. పెళ్లివారైతే మరీను. పెదనాన్న పేరు పైనా, మేనమామ పేరు పైనా అని నా కుర్చీ వెనకే పంచాయితీ. అందుకని కౌంటరు మీద వాళ్లవైపు తిప్పి ఇంకో మానిటర్ పెట్టాను.

విండోస్ 11. నా ముందున్నది 24 అంగుళాలది, 1920 బై 1080, హెచ్‌డీఎంఐ. కౌంటరు మీదది పాతది, 1366 బై 768, వీజీఏ.

రెండు తెరల్లోనూ ఒకటే కనపడే డూప్లికేట్‌లో పెడితే నా తెర కూడా చిన్న రిజల్యూషన్‌కి దిగిపోతోంది, పైగా నా వాట్సాప్ అంతా వాళ్లు చదివేస్తున్నారు. రెండూ కలిసి ఒకే పెద్ద తెరలా పనిచేసే ఎక్స్‌టెండ్‌లో పెడితే మౌస్ అటు జారిపోతోంది. ఆ తెర వీపు నావైపు ఉంటుంది కదా, ఇక లేచి కౌంటరు మీంచి వంగి వెతుక్కోవాలి. కొన్ని విండోలైతే వాటంతటవే అటు తెరుచుకుంటున్నాయి.

మొన్న గజపతినగరం వైపు నుంచి పెళ్లివారొచ్చారు. అంతకుముందే ఎవరిదో పెద్దకర్మ ఫ్లెక్సీ చేసి ఉన్నాను. పెళ్లికొడుకు ఫొటో చూద్దామని ఫొటోల ప్రోగ్రాం తెరిస్తే, అది తెరుచుకోవడం కౌంటరు తెర మీద, అందులో పాత ఫైలు! దండ వేసిన పెద్దాయన, కింద పెద్దక్షరాల్లో అశ్రునివాళి. నాకు కనపడలేదు. వాళ్లంతా ఒక్కసారిగా ఎందుకు మౌనమైపోయారో అర్థం కాలేదు. నాయనమ్మగారు మాత్రం "ఏటి బాబూ ఇది, శుభమా అని వస్తే" అంటూ పసుపు రాసిన లిస్టు మడిచి సంచిలో పెట్టేసుకున్నారు. బతిమాలి కూర్చోబెట్టాను.

ఇంకోటి, రంగులు. "మీ తెరలో ఎరుపు వేరు, కార్డులో ఎరుపు వేరు" అని రోజూ ఎవరో ఒకరు.

చీపురుపల్లి కుర్రోడు:

రెండో మానిటర్ ఎందుకన్నా, ప్రూఫ్ వాట్సాప్‌లో కొట్టేయ్. కరెంటు కూడా కలిసొస్తుంది.

మూడులాంతర్లు డీటీపీ:

తమ్ముడూ, ఫోన్లో చూసి అందరూ ఓకే అనే అంటారు. కార్డులు అచ్చయ్యాక గోత్రం తప్పు అంటారు. తెర మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివిస్తేనే నాకు నిద్ర పడుతుంది.

నాగావళి ఫొటోస్:

శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి దగ్గర మాకు స్టూడియో ఉంది. ఆల్బమ్ డిజైన్ చూపించడానికి మాదీ ఇదే ఏర్పాటు.

డూప్లికేట్ మర్చిపోండి. విండోస్ మీటతో పాటు పీ నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ నంబరు ఏ తెరదో తెలుస్తుంది. మీ ముందున్నదాన్ని మెయిన్ డిస్‌ప్లే చేయండి, నోటిఫికేషన్లు దాంట్లోనే వస్తాయి.

ఇక మౌస్ సంగతి. ఆ పెట్టెల్ని మామూలుగా పక్కపక్కన పెడతారు, అందుకే అంచు పొడుగునా మౌస్ జారిపోతుంది. కౌంటరు తెర పెట్టెని పట్టుకుని మీ తెరకి ఎడమవైపు బాగా కిందికి లాగండి, మీ కింది మూల దగ్గర కాస్త అంచు మాత్రమే తగలాలి. ఇక మౌస్ ఆ సందులోంచి తప్ప పోదు. కుడి పై మూలన మాత్రం పెట్టకండి, విండో మూయడానికి క్లోజ్ బటన్ మీదికి వెళ్లినప్పుడల్లా అటు దూకేస్తుంది. మల్టిపుల్ డిస్‌ప్లేస్ అనే చోట, రెండు తెరల మధ్య కర్సర్ సులువుగా దాటేందుకని ఒక టిక్ ఉంటుంది. అది తీసేయాలి, లేకపోతే అంచు కలవని చోట కూడా దాటేస్తుంది.

అసలు కిటుకు ఫోటోషాప్‌లో ఉంది. విండో మెనూ, అందులో అరేంజ్, అక్కడ మీ ఫైలు పేరుతో న్యూ విండో ఫర్ అని ఉంటుంది. అది నొక్కితే అదే ఫైలు ఇంకో కిటికీలో తెరుచుకుంటుంది. కాపీ కాదు, అదే ఫైలు. దాన్ని ఆ సందులోంచి కౌంటరు తెరకి లాగి, ఒక్కసారి లేచి నిండుగా సర్దండి. మీరు ఇటు ఎంత దగ్గరికి జూమ్ చేసుకుని గుణింతం దిద్దినా, వాళ్లకి కార్డు మొత్తం కనపడుతూనే ఉంటుంది, దిద్దిన అక్షరం అక్కడా మారిపోతుంది. కోరెల్‌డ్రాలో కూడా విండో మెనూలో న్యూ విండో ఉంది.

ఆ అశ్రునివాళి మళ్లీ రాకుండా: చాలా ప్రోగ్రాములు చివరిసారి ఏ తెర మీద మూశారో అక్కడే తెరుచుకుంటాయి. అటు తెరుచుకున్నదాన్ని విండోస్, షిఫ్ట్ పట్టుకుని బాణం మీటతో మీవైపు తెచ్చుకుని, ఇక్కడ మూయండి. అటు ఉండగానే మూస్తే రేపూ అటే. టాస్క్‌బార్ అన్ని తెరల్లో చూపించే టిక్ కూడా తీసేయండి. వాల్‌పేపర్ తెరకొకటి పెట్టుకోవచ్చు. మేం పార్టీలు లేనప్పుడు మా రేట్లు కనపడేలా పెట్టాం, బేరాలు కొంచెం తగ్గాయి.

బొబ్బిలి సిస్టమ్స్:

పైన చెప్పినవన్నీ సరే. రంగుల విషయంలో సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు. ఆ పాత 1366 మానిటర్ బహుశా టీఎన్ ప్యానెల్, చూసే కోణాన్ని బట్టి రంగు మారే రకం. ఎదురుగా కూర్చుని చూస్తే ఒక రంగు, కౌంటరు దగ్గర నిలబడి పైనుంచి చూస్తే వెలిసినట్టు ఇంకో రంగు. మీ దగ్గర కస్టమర్ నిలబడే చూస్తాడు కదా! తెరని వెనక్కి వాల్చి వాళ్ల కళ్లకి ఎదురుగా ఉండేలా తిప్పండి, సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగానికి, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం మానిటరే మందు. అదొచ్చినా ప్రెస్సులో సిరా సిరానే, తెర వెలుగు వెలుగే. అచ్చయిన పాత కార్డు ఒకటి కౌంటరు మీద ఉంచి, రంగు దాంట్లో చూపించండి.

వీజీఏ కేబుల్ పొడుగెంత? బాగా పొడుగైతే అక్షరం పక్కన నీడ పడి ఒత్తులు అలుక్కుపోతాయి. తెర తెల్లగా ఉన్నప్పుడు మానిటర్ మీద ఆటో బటన్ నొక్కి చూడండి. ఆ తెర రిజల్యూషన్ 1366 బై 768లోనే ఉందో లేదో కూడా. 1024లో ఉంటే అక్షరాలు అడ్డంగా సాగుతాయి.

మూడులాంతర్లు డీటీపీ:

నాగావళి మాస్టారూ, మూల సందు ఐడియా అదిరింది. ఎడమ కింద పెట్టాను, మౌస్ ఇక పారిపోవట్లేదు. న్యూ విండో చూసి మా కుర్రాడు ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నా మీద పడ్డాడు.

పేజ్‌మేకర్‌లో చేసే బిల్లు బుక్కులకి ఆ సౌకర్యం నాకు దొరకలేదు. అందుకని పీడీఎఫ్ చేసి, కౌంటరు తెర మీద సుమత్రా పీడీఎఫ్‌లో తెరిచి ఉంచుతున్నా. మళ్లీ అదే పేరుతో సేవ్ చేస్తే అది దానంతటదే కొత్తది చూపిస్తోంది. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా.

బొబ్బిలి అన్నా, ఆటో బటన్‌తో నీడ తగ్గింది, పూర్తిగా పోలేదు. కేబుల్ గోడ చుట్టూ తిప్పి తెచ్చాం, పొడుగే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను, ఫ్లెక్సీల గిరాకీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ డబ్బుల్లోంచే హెచ్‌డీఎంఐ ఉన్న ఐపీఎస్ తీసుకుంటాను. 22 అంగుళాలు చాలా, 24 ఉండాలా? కౌంటరు మీద క్యాష్ బాక్స్, బిల్లు బుక్కు పోను జాగా తక్కువ.

బొబ్బిలి సిస్టమ్స్:

22 చాలు. స్టాండు ఎత్తు పెంచుకునేది చూడండి, లేకపోతే గోడ బ్రాకెట్‌కి బిగించేందుకు వెనక నాలుగు స్క్రూల చిల్లులున్నాయో లేదో కొనేముందే చూసుకోండి.